కారం మిల్లులో కాపలా ఎవరిది?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పగానే కొనేవాడు చేసే మొదటి పని, చేతిని మోచేతి దాకా లోపలికి దూర్చడం. పైనున్న కాయలు చూపుకి. అసలు సరుకు అడుగున ఉంటుందని అతనికి తెలుసు. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండినట్టు. ఒక కాయను రెండు వేళ్ల మధ్య విరుస్తాడు. పుటుక్కున విరిగితే ఆరినట్టు, తోలులా వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత ఉంది, రంగు ఎలా ఉంది, ముక్కిపోయిన వాసన ఏమైనా వస్తోందా అన్నది కూడా ఆ అరనిమిషంలోనే తేలిపోతుంది. ఆ తర్వాతే ధర మాట.

ఫుడ్ సేఫ్టీ వాళ్లు మానిటరింగ్ అని పిలిచేది దాదాపు ఇదే. ఏం చూడాలో ముందే తెలుసు, ఎలా చూడాలో తెలుసు, ఎప్పుడు చూడాలో తెలుసు, తేడా వస్తే ఏం చేయాలో కూడా తెలుసు: కొనకుండా పక్క దుకాణానికి వెళ్లిపోవడమే. పద్ధతిలో లోపమేమీ లేదు. చేతికి అందే సమాచారంలోనే ఉంది చిక్కు. తేమ 9 శాతమా, 14 శాతమా అంటే అనుభవమున్న చేయి చెప్పేస్తుంది. 10.5 శాతమా, 12 శాతమా అంటే తడబడుతుంది. ఇక బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉందో లేదో ఏ చేయీ, ఏ ముక్కూ చెప్పలేవు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. వంటలో మరిగించినా, నూనెలో వేయించినా చాలావరకు అలాగే మిగిలిపోతుంది. కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఏనాడో తేల్చిన పదార్థమది.

అలాంటప్పుడు ల్యాబ్‌కి పంపి రిపోర్టు తెప్పించుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. చాలామంది మిల్లు యజమానుల నమ్మకం కూడా ఇదే: రిపోర్టు వచ్చింది, సరుకు పాసైంది, ఇక టెన్షన్ లేదు. కానీ ఆ రిపోర్టు సరుకు గురించి చెప్పదు, సరుకులోంచి తీసిన శాంపిల్ గురించి చెబుతుంది. మిర్చి విషయంలో ఈ రెంటికీ మధ్య దూరం ఎక్కువ.

లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. యూరప్ నిబంధన ప్రకారం మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అందులో బి1 రకం 5 దాటకూడదు. అంటే పది టన్నుల లారీ మొత్తంలో కలిపి ఆ విషం 100 మిల్లీగ్రాములు, గ్రాములో పదో వంతు. ఈ కాస్తా లారీ అంతటా సమంగా పరుచుకుని ఉండదు. టిక్కీలో నలభై, నలభై అయిదు కిలోల కాయ ఉంటుంది. కాయ ఒక గ్రాము లెక్కన వేసుకున్నా నలభై వేల పైచిలుకు కాయలు. వాటిలో బూజు పట్టినవి ఏ పదో పదిహేనో ఉంటాయి, విషమంతా వాటిలోనే ఉంటుంది. చేతికి ఆ కాయలు తగిలితే సరుకు ఫెయిల్, తగలకపోతే పాస్. అందుకే యూరప్ వాళ్లు పెద్ద లాట్‌కి వంద చోట్ల నుంచి తీసి ఇరవై కిలోల శాంపిల్ చేయమంటారు. మన దగ్గర మూడు టిక్కీల పైనుంచి తలా గుప్పెడు తీసి, ప్లాస్టిక్ కవర్లో వేసి ల్యాబ్‌కి పంపి, వచ్చిన కాగితాన్ని ఫ్రేము కట్టించినంత భద్రంగా దాచుకునేవాళ్లకు కొదవ లేదు. ఆ కాగితం అబద్ధం చెప్పదు. ఆ గుప్పెడు కాయల గురించి నిజమే చెబుతుంది.

ఈ చిక్కు మొదట ఎదురైంది అంతరిక్ష యాత్రికుల తిండి దగ్గర. 1959లో అమెరికాలో నాసా కోసం ఆహారం తయారుచేసే పని పిల్స్‌బరీ కంపెనీకి వచ్చింది. వ్యోమనౌకలో ఒక్కరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నా కొంప మునిగినట్టే. పూర్తి భరోసా కోసం పరీక్షలు చేస్తూ పోతే తయారైన దాంట్లో ఎక్కువ భాగం పరీక్షలకే పోతోంది, తినడానికి మిగిలేది కొద్దిగానే. దాంతో ఆలోచన తిరగబడింది. చివర్లో వెతకడం మానేసి, తయారీలో ఎక్కడెక్కడ ప్రమాదం దూరే అవకాశముందో ముందే గుర్తించి, అక్కడ కాపలా పెట్టాలనుకున్నారు. హాసప్ (HACCP) పద్ధతికి పుట్టుక అదే. 1971లో బయటి ప్రపంచానికి చెప్పారు, 1993లో ఆహార ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది, లైసెన్సు నిబంధనలు 2011లో వచ్చాయి. వాటిలోని నాలుగో షెడ్యూలులో ఉన్న శుభ్రత నియమాల్లోనూ ఈ ఆలోచన కనిపిస్తుంది. చరిత్ర ఇంతవరకు చాలు. గుంటూరులో ఏటుకూరు రోడ్డులోనో అంకిరెడ్డిపాలెం వైపో ఉండే ఒక మధ్యస్థాయి కారం మిల్లులో ఈ కాపలా ఎలా నడవాలి, ఎలా నడుస్తోంది అన్నదే అసలు విషయం.

మిల్లులో కాయ నడిచే దారి తెలిసిందే. లారీ దిగుతుంది, తాలు ఏరుతారు, తొడిమ తీస్తారు, రాళ్లూ మట్టీ పోయేలా శుభ్రం చేస్తారు, అవసరమైతే మళ్లీ ఎండబెడతారు, పల్వరైజర్‌లో ఆడిస్తారు, జల్లెడ పడతారు, అయస్కాంతాల మీదుగా పంపుతారు, ప్యాక్ చేస్తారు, ప్యాకెట్ మెటల్ డిటెక్టర్ కింద నుంచి వెళ్తుంది. ఇందులో ప్రతి అడుగునా ఏదో ఒక ప్రమాదం ఊహించవచ్చు. కన్సల్టెంట్లు ఊహిస్తారు కూడా. పద్నాలుగు కీలక నియంత్రణ స్థానాలు (కాపలా తప్పనిసరైన చోట్లు) రాసి, ఫైలు దళసరిగా చేసి ఇస్తారు. పద్నాలుగు చోట్ల కాపలా అంటే ఎక్కడా లేనట్టే. ఇలాంటి మిల్లులో నిజంగా కీలకమైనవి రెండో మూడో ఉంటాయి. సరుకు లోపలికి వచ్చేటప్పుడు తేమ. ప్యాకింగ్ తర్వాత లోహం. ఆవిరితో సూక్ష్మక్రిములను చంపే యంత్రం ఉంటే దాని ఉష్ణోగ్రత. మిగతావన్నీ ముఖ్యమే, కానీ అవి రోజువారీ శుభ్రత కిందికి వస్తాయి.

ఆవిరి యంత్రం చిన్న మిల్లుల్లో ఉండదు. అలాంటప్పుడు సాల్మొనెల్లా లాంటి క్రిమికి మిల్లులో అడ్డుపడేది ఏదీ లేదు. పొడి కారంలో అది పెరగదు, కానీ చావదు, నెలల తరబడి అలాగే కూర్చుంటుంది. కాబట్టి ఆ కాపలా మిల్లులో కాదు, కల్లం దగ్గరే మొదలవ్వాలి. కాయల మీద కోళ్లు తిరుగుతున్నాయా, మేకలు తొక్కుతున్నాయా, నేల మీద నేరుగా పోశారా, పట్టా పరిచారా అన్నదే అక్కడి మానిటరింగ్. మిల్లు యజమాని ఆ కల్లాన్ని ఒక్కసారి కూడా చూడకుండానే సరుకు కొంటాడు. యార్డు వ్యవస్థే అలాంటిది.

తేమ దగ్గర కాస్త ఆగాలి. కోసిన పండుమిరపలో మూడొంతుల దాకా నీరే. ఎండలో పది, పదిహేను రోజులు ఆరబెడితే పది, పదకొండు శాతానికి దిగుతుంది. దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన కూడా 11 శాతం దాటకూడదనే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కల్లాల్లో కాయ ఉన్నప్పుడు ఒక్క అకాల వర్షం పడితే చాలు, పట్టా కప్పేలోపు అడుగు కాయ తడుస్తుంది. తడిసిన కాయను వెంటనే పలచగా పరవకుండా కుప్ప చేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఇది ప్రకృతి చేసే పని. మనుషులు చేసేది ఇంకొకటి ఉంది. బాగా ఎండిన కాయను టిక్కీలో తొక్కితే ముక్కలైపోతుంది, గింజ రాలుతుంది, కోరు (ఘాటైన దుమ్ము) లేస్తుంది. అందుకని తొక్కే ముందు నీళ్లు చల్లుతారు. కాయ మెత్తబడుతుంది, బరువు కాస్త పెరుగుతుంది కూడా. పదిహేను రోజులు ఎండ దింపిన తేమను పావుగంటలో తిరిగి ఎక్కించడమన్నమాట. యార్డులో గలగల విని కొన్న కాయే మిల్లుకు చేరేసరికి వంగడం మొదలవడానికి ఇదొక కారణం.

రెండో కారణం కోల్డ్ స్టోరేజీ. గుంటూరు చుట్టూ ఇవి వందకు పైగా ఉన్నాయి. సీజన్లో దాచిన కాయ ధర చూసుకుని ఏడాది పొడవునా బయటికి వస్తుంటుంది. లోపల ఆరేడు డిగ్రీల చలి. బయట మే నెల మధ్యాహ్నం నలభై రెండు. చల్లటి గోలీసోడా సీసా బల్ల మీద పెడితే ఎలా చెమట పడుతుందో, టిక్కీకి కూడా అలాగే పడుతుంది. గాలిలోని తేమ చల్లటి గోనె మీద, లోపలి కాయ మీద నీరుగా మారుతుంది. ఆ టిక్కీలను లారీ దించీ దించగానే ఒకదాని మీద ఒకటి పేర్చేస్తే మధ్యలో ఉన్నవాటికి గాలి తగలదు, చెమ్మ అక్కడే ఉండిపోతుంది. గంటలో బూజు రాదు. కానీ ఆ వరస అలాగే నాలుగైదు రోజులు ఉంటే వస్తుంది.

ఇక్కడే మానిటరింగ్‌లోని సూక్ష్మం బయటపడుతుంది. గేటు దగ్గర తేమ మీటర్ పెట్టి అంకె రాసుకోవడం చాలా మిల్లుల్లో ఉంది. కానీ కోల్డ్ స్టోరేజీ నుంచి అప్పుడే దిగిన కాయకు తేమ చూస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు. పైన చెమ్మ, లోపల పొడి. పైగా చవక మీటర్లు చల్లటి సరుకు మీద తప్పు చూపిస్తాయి. రాత్రంతా నీడలో, గాలి ఆడేలా విడివిడిగా పేర్చి, కాయ బయటి వేడికి వచ్చాక, టిక్కీ పైనుంచీ నడుమనుంచీ అడుగునుంచీ తీసి చూడాలి. అంకె అదే కావచ్చు, యంత్రం అదే కావచ్చు. ఎప్పుడు, ఎక్కడ చూశామన్నదాన్ని బట్టే దానికి అర్థం వస్తుంది.

మీటర్‌ని కూడా నమ్మేయకూడదు. అది తేమను నేరుగా కొలవదు, కాయలోంచి కరెంటు ఎలా పోతోందో చూసి లెక్కగడుతుంది. దాన్ని సరిచూడటానికి ల్యాబ్‌లో టొలుయీన్‌తో మరిగించి నీటిని వేరుచేసి కొలిచే పద్ధతి ఉంది. మసాలా దినుసుల్లో వాసన నూనెలు ఉంటాయి కాబట్టి మామూలుగా ఓవెన్లో ఎండబెట్టి తూస్తే ఆ నూనెలు కూడా పోయి లెక్క తప్పుతుంది. నెలకోసారైనా మీటర్ అంకెనూ ల్యాబ్ అంకెనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎంత తేడా వస్తోందో తెలుస్తుంది. తెలిసిన మిల్లుదారులు 11 దగ్గర గీత గీయరు, 10 దగ్గర గీస్తారు. పది దాటితే అనుమానం, పదకొండు దాటితే ఆపడం. మధ్యలో ఉన్న ఆ ఒక్క శాతమే మీటర్ తప్పునూ మనిషి తప్పునూ మింగేసే జాగా.

ఇక లోహం. పల్వరైజర్లో సుత్తులు నిమిషానికి వేల సార్లు తిరుగుతాయి, అరుగుతాయి, ఎప్పుడో ఒకప్పుడు చిన్న పెచ్చు ఊడుతుంది. ఇనుమైతే అయస్కాంతం పట్టేస్తుంది. జల్లెడ తీగ స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని అయస్కాంతం సరిగా పట్టదు, మెటల్ డిటెక్టర్‌కి కూడా అన్నిటికన్నా కష్టంగా దొరికేది అదే. పైగా సన్నటి తీగ ముక్క ఒక దిశలో పడుకుని వెళ్తే దొరుకుతుంది, ఇంకో దిశలో వెళ్తే తప్పించుకుంటుంది. అంటే మిల్లులో తెగే అవకాశం ఎక్కువ ఉన్న వస్తువే యంత్రానికి చిక్కే అవకాశం తక్కువ ఉన్న వస్తువు. అందుకే డిటెక్టర్ కొన్నాం కదా అని జల్లెడ చూడటం మానేయకూడదు. షిఫ్టు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి జల్లెడను లైటుకి ఎదురుగా పట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. కన్నం పెద్దదిగా కనిపించిందంటే ఆ తీగ ఎక్కడికో వెళ్లింది.

డిటెక్టర్‌ని సరిచూసే పద్ధతి తేలిక. ఇనుము, ఇత్తడి లాంటి ఇతర లోహం, స్టెయిన్‌లెస్ స్టీలు, ఈ మూడింటి చిన్న గుండ్లు పొదిగిన టెస్ట్ పీసులు ఉంటాయి. వాటిని ప్యాకెట్‌తో పాటు బెల్టు మీద పంపాలి. మూడూ దొరికితే యంత్రం మేలుకునే ఉన్నట్టు. ఇది ఎంతసేపటికోసారి చేయాలి? గంటకోసారి అని కన్సల్టెంట్ రాస్తాడు, ఎందుకో చెప్పడు. చెప్పాల్సింది ఆ ఎందుకే.

మిల్లు గంటకు మూడు వందల కిలోలు ప్యాక్ చేస్తోందనుకుందాం. పదింటికి చూస్తే డిటెక్టర్ బాగుంది. పదకొండుకి చూస్తే స్టీలు గుండును వదిలేసింది. ఈ గంటలో ఎప్పుడు పాడైందో ఎవరికీ తెలియదు. పది గంటల అయిదు నిమిషాలకే కావచ్చు. కాబట్టి పదింటి తర్వాత ప్యాకైన ప్రతి కిలోనూ పక్కన పెట్టాలి. డిటెక్టర్ బాగయ్యాక మళ్లీ అన్నిటినీ దాని కింద నుంచి పంపాలి. మూడు వందల కిలోలు, ఒక పూట పని. అదే షిఫ్టుకోసారి చూసే అలవాటుంటే రెండు వేల నాలుగు వందల కిలోలు. ఈలోగా అందులో సగం లారీ ఎక్కి కృష్ణ అవతలికి, విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణాలకు చేరిపోయి ఉంటే? సరుకు వెనక్కి తెప్పించడానికి ఎంతమందికి ఫోన్లు చేయాలి, ఎంత పరువు పోతుంది? కాబట్టి ఎంతసేపటికోసారి చూడాలన్న ప్రశ్నకు జవాబు నిబంధనల పుస్తకంలో దొరకదు. యంత్రం ఫెయిలైతే ఎంత సరుకు వెనక్కి తీసుకునే స్తోమత ఉంది అన్నదే అసలు ప్రశ్న. లారీ గేటు దాటే ముందు ఒకసారి చూడటం మాత్రం తప్పనిసరి. గంటల లెక్క దాని తర్వాతే.

ఈ చూపులన్నీ రాసేది లాగ్‌బుక్‌లో. ఎక్కువ మోసం జరిగేది కూడా అక్కడే. మోసం అనేది పెద్ద మాట కావచ్చు, చాలాసార్లు అది బద్ధకం. సాయంత్రం ఆరింటికి కూర్చుని, పొద్దున్నుంచి ఎనిమిది గంటల గళ్లూ ఒకేసారి నింపేయడం. ఇలాంటి పేజీని పట్టుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. అన్ని గళ్లలో ఒకే ఇంకు, ఒకే వాలు. తేమ వరసగా 10.2, 10.2, 10.2. కరెంటు పోయిన గంటలో కూడా డిటెక్టర్ బ్రహ్మాండంగా పనిచేసినట్టు టిక్కు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం కాగితం రంగు. కారం మిల్లులో పల్వరైజర్ పక్కన నిలబడి గంటగంటకీ నింపిన పేజీ మీద ఎర్రటి వేలిముద్రలు పడక తప్పదు, అంచులు గులాబీ రంగుకు తిరగక తప్పదు. మల్లెపువ్వులా తెల్లగా మెరుస్తున్న లాగ్‌బుక్ ఆఫీసు గదిలో, ఫ్యాను కింద పుట్టింది. ఆడిటర్లు శుభ్రమైన రికార్డును మెచ్చుకోవడం ఈ వ్యాపారంలోని వింతల్లో ఒకటి.

తప్పు పూర్తిగా ఆపరేటర్‌దే అనడం అన్యాయం. అతనికి జీతం, శభాష్‌లు వచ్చేది ఎన్ని టన్నులు ఆడించాడన్న దాని మీద. 11.6 అని రాస్తే యంత్రం ఆపాలి, ఆపితే యజమాని ఎందుకు ఆపావని అడుగుతాడు, సరుకు దించిన హమాలీలు మళ్లీ ఎత్తాలని గొణుగుతారు. 10.6 అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఒక్క అంకె మార్చితే ఇన్ని తిట్లు తప్పుతున్నప్పుడు మార్చకుండా ఉండాలంటే మహాత్ముడై ఉండాలి. చూసేవాడి చేతిలో ఆపే అధికారం లేకపోతే అతను చేసేది కాపలా కాదు, లెక్కలు రాయడం. కోడెక్స్ పత్రాలు ఎంత చక్కగా రాసినా, ఆ ఒక్క అధికారం ఇవ్వని చోట మిగతాదంతా స్టేషనరీ ఖర్చే.

యంత్రానికి భయం లేదు కాబట్టి ఈ ఇబ్బంది పాల ప్లాంట్లలో తక్కువ. విజయవాడ లాంటి ఊళ్లో రోజూ పొద్దున్న గుమ్మం ముందుకొచ్చే ప్యాకెట్ పాలు 72 డిగ్రీల దగ్గర కనీసం 15 సెకన్లు వేడెక్కి వచ్చినవి. ఆ పదిహేను సెకన్లు పాలు ఒక పొడవాటి గొట్టంలో ప్రయాణిస్తాయి. గొట్టం చివర సెన్సర్, దాని పక్కనే దారి మళ్లించే వాల్వు. ఉష్ణోగ్రత గీత కిందికి దిగిందంటే వాల్వు తనంతట తాను తిరిగి, ఆ పాలను మళ్లీ మొదటి ట్యాంకుకి పంపేస్తుంది. షిఫ్టు ఇన్‌చార్జిని అడగదు, లారీలు ఎదురుచూస్తున్నాయన్నా వినదు. పక్కనే చార్టు మీద పెన్ను గీత గీస్తూ ఉంటుంది, సాయంత్రం కూర్చుని ఆ గీతను కల్పించడం కష్టం. చూపూ, ఆపడమూ ఒకే యంత్రంలో కలిసిపోయాయి.

అలాగని అక్కడ మనిషి అక్కర్లేదని కాదు. సెన్సర్ ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంటే వాల్వు నమ్మకంగా తప్పు చేస్తుంది. అందుకని రోజూ వేరే థర్మామీటర్‌తో సరిపోల్చాలి. పాలల్లో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము సరైన వేడికి చచ్చిపోతుంది కాబట్టి, తయారైన పాలల్లో అది మిగిలిందేమో పరీక్ష చేస్తారు. ఇది మానిటరింగ్ కాదు, మానిటరింగ్ సరిగా నడిచిందా అని వెనక్కి తిరిగి చూసుకోవడం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చాక లాగ్‌బుక్ ఎందుకనే ప్రశ్న పుడుతుంది. ఫాస్ఫటేజ్ ఫలితం వచ్చేసరికి పాలు ఎంత దూరం పోయుంటాయో ఆలోచిస్తే చాలు.

పచ్చళ్ల సంగతి వేరు. అక్కడ యంత్రాలు తక్కువ, నమ్మకాలు ఎక్కువ. గుంటూరు, విజయవాడల్లో ఇంట్లో మొదలై కొరియర్లో అమెరికా దాకా వెళ్తున్న పచ్చళ్ల వ్యాపారాలు వీధికొకటి కనిపిస్తాయి. వాళ్లంతా నమ్మేది నూనెను. పైన నూనె తేలుతుంటే పచ్చడి చెడదని అమ్మమ్మల మాట. ఆవకాయ వరకు ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. కానీ ఆవకాయను కాపాడింది నూనె ఒక్కటే కాదు. మామిడికాయ పులుపు, దండిగా పడిన ఉప్పు అసలు కాపలాదారులు. నూనె చేసింది గాలి తగలకుండా బూజును ఆపడం. గాలి లేని చోటునే ఇష్టపడే క్రిమి ఇంకొకటుంది, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బుకి కారణం అదే. దాన్ని ఆపేది పులుపు. పులుపును కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ; అది 4.6 కన్నా తక్కువ ఉంటే ఆ క్రిమి పెరగదు. మామిడి, చింతకాయ, గోంగూర వాటంతట అవే పుల్లన. చికెన్, రొయ్యలు అలా కాదు.

ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నది చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడే. ఆవకాయ లాజిక్‌ని వాటికి అరువు తెచ్చుకోవడమే ప్రమాదం. ముక్క వేయించి, మసాలా కలిపి, చల్లారాక నిమ్మరసం పిండి, నూనె పోసి డబ్బాలో పెడతారు. నిమ్మరసం గుజ్జులో కలుస్తుంది, ముక్క నడిబొడ్డుకి చేరడానికి మాత్రం టైం పడుతుంది. గుజ్జులో పీహెచ్ చూసి బాగుందనుకుంటే ముక్క లోపల ఏముందో తెలియదు. ఒక రోజు ఆగి, ముక్కలూ గుజ్జూ కలిపి మెత్తగా రుబ్బి, అప్పుడు చూడాలి. రంగు మారే కాగితం పట్టీలు ఇక్కడ పనికిరావు, కారం రంగు అంటుకుని పట్టీ ఎలాగూ ఎర్రగానే కనిపిస్తుంది. మీటరే కావాలి. దాని మొనకు నూనె పట్టేస్తే అంకె తప్పుతుంది కాబట్టి తేలిన నూనె తీసేసి చూడాలి, తర్వాత కడగాలి. ప్రతి బ్యాచ్‌కీ ఈ పని చేస్తే ఒక అరగంట. పది కిలోల బ్యాచ్ మీద అరగంట అంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఈ పచ్చడి దారిలో ఇంకెక్కడా కాపలా లేదు.

కాపలా పెట్టినా దొరకని ప్రమాదం ఒకటుంది, కావాలని కలిపేది. 2003 మేలో ఫ్రాన్స్, భారత్ నుంచి వచ్చిన కారం సరుకులో సుడాన్-1 రంగు ఉందని యూరప్ దేశాలను హెచ్చరించింది. ద్రావకాలకీ, మైనాలకీ, పాలిష్‌లకీ వాడే పారిశ్రామిక రంగు అది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్లో ఒక సాస్‌లో పడిన అలాంటి కారం వల్ల 400కు పైగా ఆహార ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ సాస్ ఎన్నో రెడీమేడ్ వంటల్లో చేరిపోయింది మరి. తేమ మీటర్, డిటెక్టర్ ఇలాంటివాటిని చూడలేవు. ఎవరి దగ్గర కొన్నామన్నది చూడాలి. ఎర్రటి రంగుకి మంచి ధర పలుకుతున్నప్పుడు ఎవరో ఒకరికి రంగు కలిపే ఆలోచన వస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

ఎవరి దగ్గర కొన్నామన్నది గుంటూరులో తేలిక ప్రశ్న కాదు. యార్డులో ఒక లాట్‌లోనే నలుగురు రైతుల కాయ ఉండొచ్చు. మిల్లులో రంగు కోసం ఒక రకం, ఘాటు కోసం తేజ రకం, బరువుకి ఇంకొకటి కలిపి ఆడిస్తారు. ఎవరి కాయ ఎవరిదో ఆ కలిపే తొట్టి దగ్గర మాయమవుతుంది. ఆ తొట్టి దగ్గర ఏ టిక్కీలు, ఏ సమయానికి, ఏ బ్యాచ్‌లో పడ్డాయో రాసుకుంటే రేపు తేడా వచ్చినప్పుడు వెనక్కి తెప్పించాల్సింది రెండు టన్నులు. రాయకపోతే నెల రోజుల సరుకు. అయినా లాగ్‌బుక్‌లో తేమకీ, డిటెక్టర్‌కీ గళ్లుంటాయి గానీ, కలిపే తొట్టికి గడి ఉండటం అరుదు.

ఇంకో ఖాళీ గడి రాత్రిది. సీజన్లో మిల్లు అర్ధరాత్రి దాకా నడుస్తుంది. క్వాలిటీ చూసే అమ్మాయి సాయంత్రం ఆరింటి బస్సుకి ఇంటికి వెళ్లిపోతుంది, టెస్ట్ పీసులు ఆమె బీరువాలో ఉంటాయి, తాళం ఆమె బ్యాగులో ఉంటుంది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్యాకైన కారాన్ని చూసేవాడు బెల్టు పక్కన నిలబడ్డ హెల్పరే. టెస్ట్ పీసులు అతని చేతికందేలా గోడకు వేలాడదీసి, పనికిరాని సరుకు వేయడానికి తాళమున్న ఎర్ర డబ్బా ఒకటి పెట్టి, అడక్కుండానే స్విచ్ ఆపొచ్చని యజమాని అందరి ముందూ ఒక్కసారి చెబితే, ఆ ఆరు గంటల పేజీ మీద కూడా ఎర్రటి వేలిముద్రలు కనిపించడం మొదలవుతుంది.